రన్ పచ్చగానే ఉంది, ఎర్రర్ మిణుకుమంటోంది: పీఎల్‌సీ లైట్లలో దేన్ని నమ్మాలి?

కొత్తచేయి
అందరికీ నమస్కారం. మెయింటెనెన్స్‌లో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఎలక్ట్రికల్ పని వచ్చు, పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) వైపు ఇప్పుడిప్పుడే అడుగు పెడుతున్నాను. మా లైన్‌లో ఒక అసెంబ్లీ మెషీన్ ఉంది. సీమెన్స్ ఎస్7-1200 కంట్రోలర్, కొంచెం దూరంలో ఇంకో బాక్సులో ఈటీ 200ఎస్‌పీ రిమోట్ ఐఓ (సెన్సర్ల, వాల్వుల వైర్లు వచ్చి కలిసే ఇన్‌పుట్/అవుట్‌పుట్ మాడ్యూళ్లు). ఈ షిఫ్ట్ మొదలైనప్పటి నుంచి మూడో స్టేషన్‌లో క్లాంపులు పడటం లేదు. మిగతా స్టేషన్లు మామూలుగానే ఉన్నాయి.

ప్యానెల్ తలుపు తీసి చూస్తే కంట్రోలర్ మీద రన్/స్టాప్ లైటు నిలకడగా పచ్చగా ఉంది. ఎర్రర్ ఎర్రగా మిణుకుమంటోంది. మెయింట్ అని రాసి ఉన్నది పసుపుగా, ఆగకుండా వెలుగుతోంది.

రన్ పచ్చగా ఉంటే కంట్రోలర్ బాగున్నట్టే కదా? మరి పక్కనే ఎర్రర్ ఏంటి? షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్, అదే పోతుంది" అంటున్నారు. చేసేయమంటారా?

స్పానర్
చేసెయ్ బ్రదర్. చాలా ప్రాబ్లమ్స్ దాంతోనే పోతాయి. పోకపోతే అప్పుడు ఆలోచిద్దాం. ప్రొడక్షన్ వాళ్లు నెత్తిమీద నిలబడి ఉంటే లైట్ల మీద రీసెర్చ్ చేసే టైమ్ ఎవరికుంది?

ప్యానెల్_పెద్దన్న
ఆగు తమ్ముడూ, ఆ స్విచ్ మీద చెయ్యి వెయ్యకు. ముందు ఫోన్ తీసి ఆ లైట్లను వీడియో తియ్యి. ఫోటో కాదు, వీడియో. కంట్రోలర్, రిమోట్ ఐఓ, 24 వోల్టుల పవర్ సప్లై, నెట్‌వర్క్ స్విచ్ అన్నీ కనబడాలి, ఒక్కోదాని దగ్గర ఓ పది సెకన్లు ఆగాలి. ఫోటోలో మిణుకుమనే లైటు వెలిగినట్టో ఆరినట్టో పడుతుంది, ఎలా మిణుకుమంటోందో పడదు. అసలు సంగతంతా అందులోనే ఉంది.

ఇక నీ ప్రశ్న. రన్ లైటు చెప్పేది ఒక్కటే: సీపీయూ, అంటే ఆ కంట్రోలర్, ప్రోగ్రామ్‌ను తిప్పుతోంది. అంతకుమించి దానికేమీ తెలియదు. ప్రోగ్రామ్ తిరుగుతుండగానే ఎక్కడో ఒక మాడ్యూల్ "నాకు బాగాలేదు" అని చెప్పొచ్చు. అప్పుడే రన్ పచ్చగా ఉండగా ఎర్రర్ మిణుకుమంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఎస్7-1200లో గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇంకొకటి. ఎర్రర్ మిణుకుమంటే ఏదో తప్పు పట్టుకుంది అని: కాన్ఫిగరేషన్‌లో రాసిన మాడ్యూల్ అక్కడ లేకపోవడం, మెమరీ కార్డు తేడా, రిమోట్ ఐఓ నుంచి వచ్చిన డయాగ్నస్టిక్, ఇలాంటివి. అదే స్టాప్ పసుపుగా, ఎర్రర్ ఎర్రగా, రెండూ నిలకడగా వెలుగుతుంటే హార్డ్‌వేర్ పాడైనట్టు లెక్క. నీది మొదటి రకం. కాబట్టి కంగారు పడే పని లేదు, ఆఫ్ చేసే పని అసలే లేదు.

రిమోట్ ఐఓ బాక్స్ తెరిచి అక్కడి లైట్లు చెప్పు. ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ మీద మూడు చూడు, ఆర్‌ఎన్ (రన్), ఈఆర్ (ఎర్రర్), ఎంటీ (మెయింట్). తరవాత ఒక్కో ఐఓ మాడ్యూల్ మీద డయాగ్ (డయాగ్నస్టిక్), పీడబ్ల్యూఆర్ (పవర్).

లాడర్‌లాజిక్
పెద్దన్న గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. ల్యాప్‌టాప్‌లో సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్ ఉంటే ఆన్‌లైన్ వెళ్లి డయాగ్నస్టిక్ బఫర్ తెరవండి. ఏ మాడ్యూల్, ఏ తప్పు, ఎన్ని గంటలకు వచ్చింది అన్నీ వరసగా ఉంటాయి. ల్యాప్‌టాప్ లేకపోయినా, వెబ్ సర్వర్ ఆన్ చేసి ఉంటే బ్రౌజర్‌లో సీపీయూ ఐపీ కొట్టి అదే బఫర్ చూడొచ్చు. ప్రోగ్రామింగ్ లైసెన్స్ అక్కర్లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక ప్రోగ్రామర్ కోసం గంటలు ఎదురుచూస్తారు.

స్పానర్
సరే పెద్దన్నా, మీ మాట కాదనను. కానీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే నష్టమేంటో చెప్పండి. బఫర్‌లో ఎంట్రీలు పోవు కదా?

ప్యానెల్_పెద్దన్న
ఎంట్రీలు పోకపోవచ్చు, పరిస్థితి పోతుంది. ఏ లైటు ఏ లైటుతో కలిసి వెలిగిందో, ఏ వాల్వ్ ఏ స్థితిలో ఆగిందో, ఏ ఇన్‌పుట్ రాక సీక్వెన్స్ నిలబడిపోయిందో ఇవన్నీ ఆ క్షణానివి. పవర్ తీసి పెట్టగానే కొత్త స్టార్టప్ సందేశాలు బఫర్‌లో పైకి వచ్చి కూర్చుంటాయి, రిటెయిన్ చేయని (పవర్ పోయినా నిలిచేలా పెట్టని) మెమరీ అంతా సున్నా అవుతుంది. తప్పు అప్పటికి మాయమైతే మెషీన్ తిరుగుతుంది, నాలుగు రోజుల తరవాత అర్ధరాత్రి మళ్లీ వస్తుంది. అప్పుడు కూడా మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

ఇంకో సంగతి. మెషీన్ మధ్యలో ఆగి ఉండగా కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేస్తే ప్రోగ్రామ్ మొదటి స్టెప్ నుంచి లేవొచ్చు. సిలిండర్ సగంలో ఉంది, ఎవరి చెయ్యో లోపల ఉంది అనుకో. ఆఫ్-ఆన్ అంటే ఉత్త రీసెట్ కాదు, మెషీన్‌కు ఇచ్చే ఒక కమాండ్ అది.

స్పానర్
ఆ రెండో పాయింట్ ఒప్పుకుంటున్నా. మొదటిది మాత్రం ప్రొడక్షన్ మేనేజర్‌కు మీరే చెప్పండి 😄

కొత్తచేయి
వీడియో తీశాను. రిమోట్ ఐఓలో ఇలా ఉంది.

ఇంటర్‌ఫేస్ మాడ్యూల్: ఆర్‌ఎన్ పచ్చగా నిలకడగా, ఈఆర్ ఎర్రగా మిణుకుమంటూ, ఎంటీ ఆరిపోయి. నెట్‌వర్క్ పోర్టు లైటు పచ్చగా.
ఐఓ మాడ్యూళ్లు: మొదటి నాలుగింటికి డయాగ్ పచ్చ, పీడబ్ల్యూఆర్ పచ్చ. అయిదు, ఆరు (రెండూ డిజిటల్ అవుట్‌పుట్) డయాగ్ ఎర్రగా మిణుకుమంటోంది, పీడబ్ల్యూఆర్ పూర్తిగా ఆరిపోయింది. ఏడు, ఎనిమిది మళ్లీ మామూలే.

అయిదో మాడ్యూల్ కింద ఉన్న బేస్ తెల్లగా ఉంది, ఆరోది ముదురు రంగు. ఇది కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నా.

ప్యానెల్_పెద్దన్న
పనికొస్తుందేమో కాదు తమ్ముడూ, జవాబు అదే!

ఆర్‌ఎన్ నిలకడగా పచ్చగా ఉందంటే ఆ స్టేషన్‌కూ సీపీయూకూ మధ్య డేటా నడుస్తోంది. అంటే నెట్‌వర్క్ కేబుల్, ఐపీ అడ్రస్, డివైస్ పేరు వీటి జోలికి పోనక్కర్లేదు. డయాగ్ ఎర్రగా మిణుకుమంటోందంటే మాడ్యూల్ బతికే ఉంది, కాన్ఫిగరేషన్ అందుకుంది, ఫిర్యాదు చేస్తోంది. కాన్ఫిగరేషన్ అందకపోతే డయాగ్ పచ్చగా మిణుకుమనేది. మాడ్యూల్ మార్చాలన్న ఆలోచన కూడా పక్కన పెట్టు. ఇక మిగిలింది పీడబ్ల్యూఆర్. అది ఆరిందంటే ఆ మాడ్యూల్‌కు లోడ్ వైపు 24 వోల్టులు రావడం లేదు.

రెండు పక్కపక్క మాడ్యూళ్లకే ఎందుకు పోయింది? ఈటీ 200ఎస్‌పీలో లేత రంగు బేస్ యూనిట్ దగ్గర కొత్త పొటెన్షియల్ గ్రూప్ (ఒకే సప్లైని పంచుకునే మాడ్యూళ్ల గుంపు) మొదలవుతుంది. ముదురు రంగు బేస్ తన ఎడమ పక్కదాని నుంచి సప్లై తీసుకుంటుంది. అంటే అయిదో బేస్‌కు విడిగా 24 వోల్టుల వైరు వచ్చి ఉంటుంది, ఆరోది దాని మీదే ఆధారపడింది. ఏడోది మళ్లీ లేత రంగే అయి ఉండాలి, చూసుకో. అయిదో బేస్ టెర్మినల్ దగ్గర మీటర్ పెట్టు. రాకపోతే వెనక్కి నడువు.

అనలాగ్_అక్క
ఒక్క మాట. ఆ గ్రూప్ 24 వోల్టులు ఎమర్జెన్సీ స్టాప్ రిలే గుండా వస్తున్నాయేమో డ్రాయింగ్‌లో చూసుకోండి. చాలా మెషీన్లలో అవుట్‌పుట్ల సప్లైని ఎమర్జెన్సీతో కట్ చేస్తారు. అలాంటి చోట ఎవరైనా ఎమర్జెన్సీ నొక్కిన ప్రతిసారీ ఇదే లైట్ల ప్యాటర్న్ వస్తుంది, రీసెట్ చేయగానే పోతుంది. అది ఫాల్ట్ కాదు, డిజైనే అంత.

ఇంకొకటి, "సప్లై లేదు" అన్న డయాగ్నస్టిక్‌ను హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్‌లో ఎనేబుల్ చేసి ఉంటేనే డయాగ్ ఎర్రగా మారి సీపీయూ దాకా కబురు వెళ్తుంది. చేయకపోతే పీడబ్ల్యూఆర్ ఆరుతుంది అంతే, సీపీయూ మీద ఏ ఎర్ర లైటూ రాదు. మీ మెషీన్ బిల్డర్ ఆ టిక్ పెట్టాడంటే కొంచెం బుద్ధిమంతుడే.

డ్రైవ్స్_మాత్రమే
నాకు సర్వో డ్రైవుల పని ఎక్కువ, అందుకే పక్కదారి పట్టిస్తున్నా, క్షమించాలి. ఈథర్‌క్యాట్ (డ్రైవుల్లాంటివి కలిపే ఒక నెట్‌వర్క్) పరికరాల్లో మిణుకు ఎలా ఉందన్నది రంగు కన్నా ముఖ్యం. రన్ లైటు పూర్తిగా ఆరి ఉంటే ఇనిట్ స్టేట్. సమానంగా మిణుకుమంటే ప్రీ-ఆపరేషనల్. ఒక్కసారి తళుక్కుమని చాలాసేపు ఆరితే సేఫ్-ఆపరేషనల్. నిలకడగా ఉంటే ఆపరేషనల్. 200 మిల్లీసెకన్లు వెలుగు, 200 ఆరుడు అయితే మామూలు బ్లింక్. 200 వెలుగు, 1000 ఆరుడు అయితే సింగిల్ ఫ్లాష్. ఎర్రర్ లైటు రెండుసార్లు తళుక్కుమని ఆగితే వాచ్‌డాగ్ టైమవుట్ (డేటా గడువులోగా అందలేదు), సమానంగా మిణుకుమంటే కాన్ఫిగరేషన్ తప్పు.

"ఎర్రగా బ్లింక్ అవుతోంది సార్" అని ఫోన్ చేస్తారు. ఎలా బ్లింక్ అవుతోంది అంటే "బ్లింక్ అవుతోంది అంతే" అంటారు. అందుకే వీడియో అన్న మాటకు రెండు చేతులూ ఎత్తుతున్నా.

స్కాన్‌టైమ్
ఇక్కడ అందరూ సీమెన్స్ లెక్కలో మాట్లాడుతున్నారు. చదివేవాళ్లు అదే రూలును వేరే బ్రాండ్ మీద పెడితే ఇబ్బంది.

రాక్‌వెల్ కంట్రోల్‌లాజిక్స్ తీసుకోండి. ఓకే లైటు నిలకడగా పచ్చ అంటే కంట్రోలర్ బాగుంది, ఎర్రగా మిణుకుమంటే ఫాల్ట్. ఐఓ లైటు నిలకడగా పచ్చ అంటే కాన్ఫిగర్ చేసిన పరికరాలన్నిటితో మాట్లాడుతోంది. అదే లైటు *పచ్చగా* మిణుకుమంటే ఒకటో రెండో జవాబు ఇవ్వడం లేదు. పచ్చ రంగు చూసి బాగుందనుకుని వెళ్లిపోతారు! ప్రోగ్రామ్ మోడ్‌లో ఉంటే రన్ లైటు ఉత్తినే ఆరిపోతుంది, సీమెన్స్‌లో లాగా స్టాప్‌కు పసుపు రాదు.

మిట్సుబిషి ఎఫ్ఎక్స్3యూలో ఎర్రర్ మిణుకుమంటే ప్రోగ్రామ్ లేదా పారామీటర్ తప్పు, నిలకడగా వెలిగితే సీపీయూ ఎర్రర్. వాచ్‌డాగ్ గడువు (ప్రోగ్రామ్ ఒక చుట్టు పూర్తికావాల్సిన సమయం) దాటినా అలాగే వస్తుంది. ఓమ్రాన్ సీజే సిరీస్‌లో ఎర్రర్/అలారం లైటు నిలకడగా ఉంటే ఫేటల్, ఆపరేషన్ ఆగిపోతుంది. మిణుకుమంటే నాన్-ఫేటల్, నడుస్తూనే ఉంటుంది. అందులోనే ఐఎన్‌హెచ్ అని ఒక లైటు ఉంటుంది. అది వెలిగితే అవుట్‌పుట్లన్నీ కావాలనే ఆపేశారని అర్థం. రన్ పచ్చగా ఉంటుంది, ఒక్క అవుట్‌పుట్ కూడా కదలదు, మనిషి పిచ్చెక్కిపోతాడు.

మొత్తం మీద మిణుకు కన్నా నిలకడ ఎరుపు పెద్ద జబ్బు అన్నది చాలా బ్రాండ్లలో నిజమే. కానీ దాన్ని చట్టంలా పట్టుకోకండి. ఈథర్‌నెట్/ఐపీ అనే నెట్‌వర్క్ పరికరాల్లో ఎన్ఎస్ (నెట్‌వర్క్ స్టేటస్) లైటు నిలకడగా ఎర్రగా ఉంటే డూప్లికేట్ ఐపీ. ఎవరో అదే అడ్రస్‌తో ల్యాప్‌టాప్ పెట్టి ఉంటారు, తీసేస్తే సరి. హార్డ్‌వేర్ చావలేదు.

లాడర్‌లాజిక్
ఎంఎస్ (మాడ్యూల్ స్టేటస్), ఎన్ఎస్ లైట్లలో ఒక సౌకర్యం ఉంది. అవి ఓడీవీఏ (ఈథర్‌నెట్/ఐపీ ప్రమాణాలు చూసే సంస్థ) స్పెసిఫికేషన్‌లోవి కాబట్టి ఏ కంపెనీ పరికరమైనా అర్థం ఒకటే. ఎన్ఎస్ పచ్చగా మిణుకుమంటే ఐపీ ఉంది, కనెక్షన్ ఎవరూ తెరవలేదు. నిలకడ పచ్చ అయితే కనెక్షన్ ఉంది. ఎర్రగా మిణుకుమంటే ఉన్న కనెక్షన్ టైమవుట్ అయింది. ఈ మూడు తెలిస్తే "కేబుల్ పోయిందా, స్కానర్‌లో (కనెక్షన్ తెరిచే కంట్రోలర్‌లో) జత చేయలేదా" అన్న సగం వాదన తీరిపోతుంది.

కొత్తచేయి
దొరికింది! అయిదో బేస్ దగ్గర సున్నా వోల్టులు. డ్రాయింగ్ చూస్తే ఆ వైరు పవర్ సప్లై పక్కనున్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్ మూడో ఛానల్ నుంచి వస్తోంది. ఆ ఛానల్ లైటు ఎర్రగా ఉంది, మిగతావి పచ్చ. బటన్ నొక్కితే పచ్చగా మారింది, రిమోట్ ఐఓలో రెండు పీడబ్ల్యూఆర్‌లూ వెలిగాయి, సీపీయూ మీద ఎర్రర్ ఆగిపోయింది. క్లాంప్ ఒక్కసారి పడింది, వెంటనే బ్రేకర్ మళ్లీ ట్రిప్.

ప్యానెల్_పెద్దన్న
క్లాంప్ వాల్వ్‌కు కరెంట్ వెళ్లిన క్షణంలోనే ట్రిప్ అవుతోందంటే ఆ సొలినాయిడ్ కాయిల్‌లోనో, దాని కేబుల్‌లోనో షార్ట్. కేబుల్ కదిలే చైన్ గుండా వెళ్తుంటే ముందు వంపుల దగ్గర చూడు. పవర్ తీసి, లాక్ పెట్టి, అప్పుడే చెయ్యి పెట్టు. బటన్ మళ్లీ మళ్లీ నొక్కి చూడటం వద్దు.

అన్నట్టు అక్కడ మామూలు ఎంసీబీ కాకుండా ఎలక్ట్రానిక్ బ్రేకర్ పెట్టడం నీ అదృష్టం. 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ పవర్ సప్లైలు ఓవర్‌లోడ్ వస్తే తమ కరెంటును తామే పరిమితం చేసుకుంటాయి. ఎంసీబీ ట్రిప్ అవడానికి కావలసినంత కరెంట్ రానే రాదు. దాంతో ఎంసీబీ పడదు, వోల్టేజ్ కుంగుతుంది, ఒక్క వాల్వ్ షార్ట్‌కు ప్యానెల్ మొత్తం తికమక పడుతుంది. అలాంటప్పుడు లైట్లు చూస్తే అన్నీ వెలుగుతూనే ఉంటాయి, కానీ డిమ్ముగా. ఎస్7-1200 డీసీ మోడల్‌కు 20.4 నుంచి 28.8 వోల్టులు కావాలి. పవర్ లైటు వెలగడానికి అంత అవసరం లేదు. లైటు ఉంది కదా అని సప్లై ఉందనుకోవద్దు, మీటర్ పెట్టాల్సిందే.

కొత్తచేయి
చైన్ దగ్గరే. కేబుల్ తొడుగు అరిగిపోయి లోపల రెండు తీగలు ఆనుకుంటున్నాయి. కొత్త కేబుల్ లాగాం, బ్రేకర్ నిలబడింది, క్లాంపులు పడుతున్నాయి. అందరికీ థాంక్స్.

కానీ మెయింట్ పసుపు ఇంకా అలాగే ఉంది. ఎర్రర్‌తో పాటు అదీ పోతుందనుకున్నా. ఇప్పుడు మెషీన్ బాగానే తిరుగుతోంది, వదిలేయొచ్చా?

స్పానర్
తిరుగుతుంటే వదిలెయ్...

అనలాగ్_అక్క
వదలకండి! ఎస్7-1200లో మెయింట్ నిలకడగా పసుపుగా ఉండటానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి, బ్యాటరీ బోర్డు పెట్టి ఉంటే దాని బ్యాటరీ అయిపోవడం. రెండు, ఎవరో ఏదో ఇన్‌పుట్‌నో అవుట్‌పుట్‌నో ఫోర్స్ చేసి, అంటే అసలు సిగ్నల్‌తో పని లేకుండా విలువను బలవంతంగా పెట్టి ఉండటం. మీ సీపీయూ ముందు భాగంలో బ్యాటరీ బోర్డు లేకపోతే కచ్చితంగా ఫోర్స్ కోసమే వెతకాలి.

ఫోర్స్ విలువలు సీపీయూలోనే ఉంటాయి. పెట్టినాయన ల్యాప్‌టాప్ మూసేసి ఇంటికి వెళ్లినా అవి అలాగే పనిచేస్తుంటాయి. సెన్సర్ పోయిందని "ఇప్పటికి నడిపిద్దాం" అని ఒక బిట్‌ను 1 చేస్తారు. షిఫ్ట్ మారుతుంది, లాగ్‌బుక్‌లో రాయరు, వారాలు గడుస్తాయి. ఆ సెన్సర్ పని ఏమిటి, పార్ట్ ఉందో లేదో చూడటమా, గార్డ్ మూసి ఉందో లేదో చూడటమా అన్నది మీకు తెలియదు. ఎర్ర లైటు మీకు ప్రొడక్షన్ ఆపింది. ఈ పసుపు లైటు మనిషికి దెబ్బ తగిలించగలదు. నన్నడిగితే ఈ రెంటిలో పసుపే పెద్దది.

లాడర్‌లాజిక్
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఎస్7-300లో దీనికి ఎఫ్ఆర్‌సీఈ అని విడిగా పసుపు లైటు ఉండేది, చూడగానే తెలిసేది. 1200లో మెయింట్‌లో కలిపేయడం నాకైతే నచ్చలేదు. రాక్‌వెల్‌లో ఫోర్స్ లైటు నిలకడగా ఉంటే ఫోర్సులు పనిచేస్తున్నాయి, మిణుకుమంటే విలువలు పెట్టారు కానీ ఎనేబుల్ చేయలేదు. ఆ మిణుకు ఉన్నప్పుడు ఎవరైనా "ఎనేబుల్ ఫోర్సెస్" నొక్కితే పాత విలువలన్నీ ఒక్కసారిగా అమల్లోకి వస్తాయి, జాగ్రత్త.

ల్యాప్‌టాప్ లేకుండా పసిగట్టే చిట్కా ఒకటుంది. ఇన్‌పుట్ లైటు మామూలుగా వైరు మీద నిజంగా ఉన్న వోల్టేజ్‌నే చూపిస్తుంది. సెన్సర్ ముందు పార్ట్ లేదు, ఇన్‌పుట్ లైటు ఆరి ఉంది, అయినా హెచ్ఎంఐ (ఆపరేటర్) స్క్రీన్ మీద "పార్ట్ ఉంది" అని వస్తోందంటే మధ్యలో ఎవరో అబద్ధం చెప్పిస్తున్నారు.

కొత్తచేయి
బ్యాటరీ బోర్డు లేదు. ప్రోగ్రామర్ గారిని పిలిపించాను, ఫోర్స్ టేబుల్‌లో ఒక ఎంట్రీ ఉంది. రెండో స్టేషన్‌లో సిలిండర్ వెనక్కి వచ్చిందని చెప్పే రీడ్ స్విచ్. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు తీసేయమంటారా?

ప్యానెల్_పెద్దన్న
మెషీన్ తిరుగుతుండగా మాత్రం తీయనివ్వకు. ఫోర్స్ తీయగానే ఆ ఇన్‌పుట్ నిజమైన విలువకు వస్తుంది. సీక్వెన్స్ ఎక్కడుందో బట్టి ఏదైనా ఒక్కసారిగా కదలొచ్చు, లేదా సగంలో నిలిచిపోవచ్చు. సైకిల్ పూర్తిచేసి, హోమ్ పొజిషన్‌లో ఆపి, గార్డులు మూసి, లోపల ఎవరూ లేరని చూసుకుని అప్పుడు తీయించు. ముందు ఆ రీడ్ స్విచ్ పనిచేస్తోందో లేదో చూడు. జారిపోయి ఉంటే సరిచేసి, లేదంటే మార్చి, ఆ తరవాతే ఫోర్స్.

కొత్తచేయి
స్విచ్ బిగింపు వదులై జారింది. జరిపి బిగించాం. మెషీన్ ఆపి ఫోర్స్ తీశాక మెయింట్ ఆరిపోయింది. ఇప్పుడు ఒక్క పచ్చ లైటే.

వైర్_అండ్_ఫైర్
చదువుతూ వచ్చాను, నాదో ప్రశ్న. నా దగ్గర అవుట్‌పుట్ లైటు వెలుగుతోంది, కాంటాక్టర్ (పెద్ద రిలే) మాత్రం లాగడం లేదు. లైటు వెలిగిందంటే కార్డు బాగున్నట్టేనా?

అనలాగ్_అక్క
కాదు. అవుట్‌పుట్ లైటు చాలా కార్డుల్లో "వెలిగించమని నాకు చెప్పారు" అంటుంది, "వోల్టేజ్ బయటికి పంపాను" అనదు. లైటు లాజిక్ వైపు, రిలే కాంటాక్టో ట్రాన్సిస్టరో ఫీల్డ్ వైపు. కాంటాక్ట్ కాలిపోయినా, కామన్‌కు (అవుట్‌పుట్ల ఉమ్మడి టెర్మినల్‌కు) సప్లై లేకపోయినా, ఫ్యూజ్ పోయినా లైటు హాయిగా వెలుగుతుంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కూ కామన్‌కూ మధ్య మీటర్ పెట్టండి, ఆ తరవాత కాయిల్ దగ్గర పెట్టండి.

ఇన్‌పుట్ వైపు కూడా ఒక తిరకాసు ఉంది. టైప్ 1 (24 వోల్టుల ఇన్‌పుట్లలో ఒక రకం) ఇన్‌పుట్‌కు 15 వోల్టులు దాటితే ఆన్, 5 లోపు ఆఫ్. మధ్యలో ఉంటే ఎటైనా కావచ్చు. రెండు తీగల ప్రాక్సిమిటీ సెన్సర్లలో ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా లీకేజ్ కరెంట్ పారుతుంది. లైటు మసక మసకగా ఉండిపోతే అదే కారణం కావొచ్చు.

స్కాన్‌టైమ్
ఎన్‌కోడర్ (తిరుగుడును పల్సులుగా పంపే సెన్సర్) వచ్చే ఇన్‌పుట్ కూడా మసగ్గానే కనబడుతుంది, అది తప్పు కాదు. పల్సులు కంటికి అందనంత వేగంగా వస్తుంటే లైటు సగం వెలుగుతో నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీయండి, 240 ఫ్రేములైతే చాలావరకు తెలిసిపోతుంది. ఒక్క క్షణం వచ్చి పోయే సెన్సర్ గ్లిచ్‌లను కూడా అలా పట్టొచ్చు.

పచ్చో_ఎరుపో
అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నా. నాకు ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలియదు. రెండు రంగులూ ఒకే లైటులో వచ్చే మాడ్యూళ్ల దగ్గర ఏం చేయాలి?

డ్రైవ్స్_మాత్రమే
అడిగి మంచిపని చేశారు. మా టీమ్‌లో ఒకాయనకు ఇదే ఇబ్బంది. ఫోన్‌లో రంగు పేరు చెప్పే యాప్ పెట్టుకున్నారు, కెమెరా లైటు వైపు పెడితే "రెడ్" అనో "గ్రీన్" అనో చెబుతుంది. ఎల్‌ఈడీ మరీ వెలుగ్గా ఉంటే కెమెరాలో తెల్లగా పడి యాప్ తికమకపడుతుంది, ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలి. మిగతాది మిణుకు ప్యాటర్న్ చూసి, లేదంటే సాఫ్ట్‌వేర్‌లో స్టేటస్ చదివి తేల్చుకుంటారు. అనుమానం ఉంటే పక్కవాళ్లను అడగడంలో తప్పేమీ లేదు.

స్పానర్
నాదీ ఒకటి. మెషీన్ పైన టవర్ లైట్ ఉంటుంది కదా. మొన్న సీపీయూ స్టాప్‌లోకి పోయింది, టవర్ మీద ఎర్ర లైటు రావాలి కదా, అన్నీ ఆరిపోయాయి. బల్బులు పోయాయేమోనని పైకెక్కి చూశాం!

ప్యానెల్_పెద్దన్న
టవర్ లైటును వెలిగించేది ప్రోగ్రామే. సీపీయూ స్టాప్‌లోకి పోతే డిఫాల్ట్‌గా అవుట్‌పుట్లన్నీ ఆఫ్, అందులో ఎర్ర లైటు అవుట్‌పుట్ కూడా ఒకటి. చచ్చినవాడు తన చావు కబురు చెప్పలేడు. సీపీయూ ఆగినా ఎర్ర లైటు రావాలంటే ఒక "హెల్తీ" అవుట్‌పుట్‌తో రిలేను ఎప్పుడూ లాగి ఉంచి, దాని ఎన్‌సీ (రిలే వదిలినప్పుడు కలిసి ఉండే) కాంటాక్ట్‌తో ఎర్ర లైటు వేయాలి. సీపీయూ ఆగితే రిలే వదిలేస్తుంది, లైటు వెలుగుతుంది. ప్యానెల్ మీది లైట్ల రంగులకు ఐఈసీ 60204-1 అనే ప్రమాణం ఉంది: ఎరుపు ప్రమాదం, పసుపు అసాధారణ స్థితి, పచ్చ మామూలు, నీలం ఆపరేటర్ తప్పక ఏదో చేయాలి. కానీ ఆ లెక్క ఆపరేటర్ చూసే లైట్లది. కార్డు మీద చిన్న ఎల్‌ఈడీ అర్థం ఆ కార్డు మాన్యువల్‌లోనే చూసుకోవాలి.

కొత్తచేయి
ఇంకొక్కటి అడిగి ఊరుకుంటా. ఇందాక పక్క మెషీన్‌లో సీపీయూ మీద మూడు లైట్లూ ఒకేసారి మిణుకుమన్నాయి, కాసేపటికి మామూలైపోయాయి. అది కూడా 1200నే. ఏమైనా ప్రమాదమా?

లాడర్‌లాజిక్
మీ ప్రోగ్రామర్ గారు ఇంకా అక్కడే ఉన్నారా? టియా పోర్టల్‌లో "ఫ్లాష్ ఎల్‌ఈడీ" అని ఒక బటన్ ఉంది. నెట్‌వర్క్‌లో చాలా సీపీయూలు ఉన్నప్పుడు ఏది ఏదో గుర్తుపట్టడానికి నొక్కుతారు, మూడూ మిణుకుమంటాయి. ఫర్మ్‌వేర్ పాడైనా ఇదే ప్యాటర్న్ వస్తుంది, కానీ అప్పుడు తనంతట తాను మామూలు కాదు.

కొత్తచేయి
అడిగాను. ఆయనే నొక్కారట, ముందు వేరే సీపీయూ అనుకుని.

స్పానర్
😂😂

వైర్_అండ్_ఫైర్
నా కాంటాక్టర్ సంగతి: అక్క చెప్పినట్టే కామన్‌కు సప్లై లేదు. ఇప్పుడు వేరే తలనొప్పి, ఎఫ్ఎక్స్3యూలో బ్యాట్ (బ్యాటరీ) లైటు ఎర్రగా వచ్చింది. ఈ వారంలో షట్‌డౌన్ ఉంది, అప్పుడు మార్చొచ్చా?

స్కాన్‌టైమ్
షట్‌డౌన్ దాకా ఆగకుండా ఇప్పుడే, మెషీన్ పవర్‌లో ఉండగానే ప్రోగ్రామ్, డివైస్ విలువలు రెండూ బ్యాకప్ తీసుకోండి. బ్యాటరీ పూర్తిగా పోయాక పవర్ తీస్తే మెమరీలో ఉన్నది పోవచ్చు, బ్యాకప్ ఉంటే భయం లేదు. మార్చే పద్ధతి మాన్యువల్‌లో చూసే చేయండి. కొన్ని కంట్రోలర్లలో పవర్ ఉండగానే మార్చాలి. కొన్నింటిలో పవర్ తీసి, లోపలి కెపాసిటర్ పట్టి ఉంచే కొద్ది సెకన్లలో కొత్తది పెట్టేయాలి. కొత్త బ్యాటరీ కనెక్టర్ ముందే విప్పి చేతిలో పట్టుకుని మొదలుపెట్టండి.